హెచ్‌ఐవీ అనుమానమా? 72 గంటలే టైమ్.. అడ్డుకునే మందు ఉంది, అనంత పల్లెలకు అందేదెలా?

ఆస్పత్రిలో వాడేసిన సూది చేతికి గుచ్చుకుంది. కండోమ్ చిరిగిపోయింది. లేదంటే ఓ మహిళపై లైంగిక దాడి జరిగింది. ఇలాంటప్పుడు హెచ్‌ఐవీ సోకిందేమోనన్న భయం మనిషిని నిద్రపోనివ్వదు. చాలామంది ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోరు. మూడు నెలలు ఆగి టెస్ట్ చేయించుకుందామని తమలో తామే నలిగిపోతారు.

అయితే అలా ఆగాల్సిన పని లేదు. వైరస్ ఒంట్లో స్థిరపడక ముందే దాన్ని అడ్డుకునే మందులున్నాయి. వాటినే పెప్ అంటారు. అంటే ప్రమాదం జరిగాక ముందుజాగ్రత్తగా ఇచ్చే చికిత్స. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 28 రోజులు వాడాలి. ఖరీదైన ఆపరేషన్ కాదు, కొత్తగా కనిపెట్టిన మందూ కాదు. హెచ్‌ఐవీ బాధితులకు రోజూ ఇచ్చే మందులే ఇవి.

మరి సమస్య ఎక్కడుంది? ఆ 72 గంటల్లోనే ఉంది. అనంతపురం లాంటి కరవు జిల్లాలో, ఊరికీ పెద్దాస్పత్రికీ మధ్య దూరం, ఆదివారం సెలవు, పరువు భయం, ఎవరిని అడగాలో తెలియకపోవడం.. ఇవన్నీ కలిసి ఆ గంటలను మింగేస్తున్నాయి. మందు ఉండటం ఒకటి, టైమ్‌కి మనిషికి చేరడం మరొకటి.

అప్పుడు పులిరాజా ప్రశ్న.. ఇప్పుడు గంటల లెక్క

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏ గోడ చూసినా, ఏ హోర్డింగ్ చూసినా ఒకటే ప్రశ్న కనిపించేది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఊరూరా నలుగురూ కూర్చున్న చోట దీనిపైనే చర్చ. సినిమా పేరేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. అప్పటివరకు నోరు విప్పి మాట్లాడని విషయాన్ని ఆ ప్రచారం రచ్చబండ మీదకు తెచ్చింది.

ఆ తర్వాత చాలా మారింది. కానీ జనం మనసులో ఇంకా అదే ప్రశ్న ఉండిపోయింది. వస్తుందా, రాదా? ఈ రోజు అడగాల్సిన ప్రశ్న అది కాదు. జరిగి ఎన్ని గంటలైంది, దగ్గర్లో మందు ఎక్కడుంది అన్నదే అసలు ప్రశ్న.

ఏపీ పరిస్థితి ఏంటి?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల ప్రకారం దేశంలో 24 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. సంఖ్యాపరంగా మహారాష్ట్ర మొదటి స్థానంలో ఉంటే, దాదాపు 3.21 లక్షల మందితో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉంది. పెద్దల్లో హెచ్‌ఐవీ శాతం దేశం మొత్తమ్మీద 0.21 కాగా, ఏపీలో 0.67. అంటే దేశంలో వెయ్యి మందిలో ఇద్దరికి ఉంటే, ఏపీలో దాదాపు ఏడుగురికి ఉన్నట్టు. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత ఎక్కువ శాతం ఉన్న రాష్ట్రం ఇదే.

అనంతపురం కథ వేరుగా చెప్పుకోవాలి. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాగా దీనికి పేరు. వేరుశనగ చేతికొస్తే సంసారం సాగుతుంది, లేకపోతే బెంగళూరుకో కేరళకో వలస బస్సు ఎక్కాల్సిందే. నెలల తరబడి భార్య ఒకచోట, భర్త ఒకచోట. వలస వెళ్లినవాళ్లంతా తప్పు చేస్తారని కాదు. కానీ ఇంటికి దూరంగా, డాక్టర్‌కు దూరంగా, తెలిసినవాళ్లకు దూరంగా బతికే మనిషికి ఏదైనా జరిగితే సాయం అందడం కష్టం. హెచ్‌ఐవీకి కావాల్సింది ఆ ఆలస్యమే.

ఈ ప్రాంతానికి ఓ బలం కూడా ఉంది. 1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అంటే అందరూ పిలిచే ఆర్డీటీ, బత్తలపల్లిలో ఆస్పత్రి నడుపుతోంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. అక్కడి డాక్టర్లు వేలాది మంది హెచ్‌ఐవీ రోగులకు చికిత్స చేస్తూనే, ఆ అనుభవాన్ని అంతర్జాతీయ వైద్య పత్రికల్లో పరిశోధనలుగా ప్రచురించారు. ఈ ప్రాంతంలో వైరస్ ఎక్కువగా వ్యాపించేది స్త్రీ పురుషుల మధ్య లైంగిక సంబంధాల ద్వారానే అని ఆ పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఇది ఎక్కడో వేరే వర్గానికి సంబంధించిన జబ్బు కాదు. మామూలు కుటుంబాల విషయం.

రిస్క్ ఎంత? భయం ఎంత?

ఒక్కసారి ప్రమాదం జరిగితే హెచ్‌ఐవీ వచ్చి తీరుతుందని చాలామంది అనుకుంటారు. లెక్కలు అలా చెప్పట్లేదు.

హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి రక్తంతో ఉన్న సూది ఆస్పత్రి సిబ్బందికి గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో 3. అదే రక్తం కంట్లోనో, నోట్లోనో పడితే పదివేలలో 9. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని భాగస్వామితో కండోమ్ లేకుండా ఒకసారి యోని సంభోగం జరిగితే మహిళకు సోకే అవకాశం పదివేలలో 8, పురుషుడికి 4 అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. గుద సంభోగంలో స్వీకరించే వ్యక్తికి ఇది పదివేలలో 138. అంటే చాలా రెట్లు ఎక్కువ. ఒకరు వాడిన సిరంజితోనే మరొకరు మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే 63. ఇక హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కిస్తే పదివేలలో 9,250. అందుకే బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి యూనిట్‌నూ పరీక్షించడం తప్పనిసరి.

ఈ అంకెలు చూసి రిస్క్ తక్కువే కదా అని వదిలేస్తే మాత్రం పొరపాటు. ఇవి సగటు లెక్కలు. మర్మాంగాల దగ్గర పుండ్లు, ఇతర సుఖవ్యాధులు ఉంటే రిస్క్ పెరుగుతుంది. అవతలి వ్యక్తికి ఈ మధ్యే వైరస్ సోకి ఉంటే వాళ్ల రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది. లైంగిక దాడిలో గాయాలు అవుతాయి కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒకసారి తప్పిన ప్రమాదం పదిసార్లు తప్పుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

మరోవైపు, అవసరం లేని భయాలూ ఉన్నాయి. దోమకాటుతో హెచ్‌ఐవీ రాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, ఒకే బాత్రూమ్ వాడినా రాదు. కౌగిలించుకున్నా, చెమట తగిలినా రాదు. గాయం లేని చర్మం మీద రక్తం పడినా రాదు.

2015 ఆగస్టులో పశ్చిమ గోదావరి జిల్లాను వణికించిన సూది సైకో ఘటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. బైక్ మీద వచ్చి మహిళలకు, విద్యార్థినులకు సూది గుచ్చి పారిపోతున్నాడన్న వార్తలతో జనం బయటికి రావాలంటేనే భయపడ్డారు. అప్పుడు ప్రతి ఇంట్లో వినిపించిన మాట ఎయిడ్స్. అలాంటి సందర్భంలో చేయాల్సిన పని వణికిపోవడం కాదు, నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లడం. సూది ఎలాంటిది, రక్తం ఉందా, గాయం ఎంత లోతు అన్నవి చూసి మందు అవసరమా కాదా అని డాక్టర్ తేలుస్తారు. ఎప్పుడో పారేసిన ఎండిపోయిన సూది కాలికి గుచ్చుకుంటే హెచ్‌ఐవీ రిస్క్ చాలా తక్కువ. అయినా టెటనస్, హెపటైటిస్ బి సంగతి చూడాలి కాబట్టి ఆస్పత్రికి వెళ్లడమే మంచిది.

72 గంటలే ఎందుకు?

అనంతపురం రైతుకు ఈ విషయం వేరేగా చెప్పక్కర్లేదు. వాన పడ్డాక నేలలో పదును ఉన్నప్పుడే విత్తనం వేయాలి. పదును ఆరిపోయాక ఎంత మంచి విత్తనం వేసినా మొలక రాదు. పెప్ కూడా అంతే. అదును తప్పితే అదే మందు పనిచేయదు.

హెచ్‌ఐవీ శరీరంలోకి రాగానే రక్తమంతా నిండిపోదు. మొదట అది ప్రవేశించిన చోటే కొన్ని కణాలకు అంటుకుంటుంది. ఆ కణాల ద్వారా రెండు మూడు రోజుల్లో దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు చేరుతుంది. అక్కడ రోగనిరోధక కణాల్లోకి దూరి, తన జన్యు పదార్థాన్ని మన కణాల డీఎన్‌ఏలో కలిపేస్తుంది. ఒకసారి అలా కలిసిపోయి వేళ్లూనుకుంటే, ఇప్పుడున్న మందులతో దాన్ని పూర్తిగా బయటకు పంపలేం.

పెప్ మందులు పనిచేసేది సరిగ్గా ఈ మధ్యలోనే. నాకో మార్గదర్శకాల ప్రకారం ఇచ్చేవి మూడు మందులు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రోజుకోసారి, 28 రోజులు. మొదటి రెండూ వైరస్ తన కాపీని తయారు చేసుకోకుండా ఆపుతాయి. మూడోది ఆ కాపీ మన డీఎన్‌ఏలో కలవకుండా అడ్డుపడుతుంది.

వీలైతే 2 గంటల్లోపే మొదటి డోసు పడాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. 72 గంటలన్నది చివరి హద్దు మాత్రమే. మూడు రోజులు టైమ్ ఉంది కదా అని తీరిగ్గా కూర్చుంటే ఫలితం తగ్గిపోతుంది. 1998లో వచ్చిన ఓ పరిశోధనలో కోతులకు 24 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు ఇస్తే పూర్తి రక్షణ దొరికింది. 48, 72 గంటలకు మొదలుపెట్టినప్పుడు, అలాగే మందు మధ్యలో ఆపేసినప్పుడు ఆ రక్షణ తగ్గింది. 28 రోజుల లెక్క వెనుక ఉన్నది ఇలాంటి పరిశోధనలే. అంతకుముందు 1997లో సూదిపోటు తగిలిన ఆస్పత్రి సిబ్బందిపై జరిగిన అధ్యయనంలో, జిడోవుడిన్ అనే ఒక్క పాత మందే రిస్క్‌ను దాదాపు 81 శాతం తగ్గించినట్టు తేలింది. ఇప్పుడున్న మూడు మందుల కాంబినేషన్ వాడటానికి దానికంటే చాలా సులువు.

అలాగని పెప్ నూటికి నూరు శాతం గ్యారంటీ కాదు. ఆలస్యంగా మొదలుపెట్టినా, డోసులు మానేసినా, ఆ 28 రోజుల్లో మళ్లీ ప్రమాదానికి గురైనా ఫెయిల్ కావచ్చు.

వెంటనే ఏం చేయాలి?

సూది గుచ్చుకుంటే ఆ చోట సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. రక్తం బయటికి రావాలని పిండకూడదు. వేలు నోట్లో పెట్టుకోకూడదు. స్పిరిట్, బ్లీచింగ్, అయోడిన్ లాంటివి పోయకూడదు. కంట్లో పడితే మంచినీళ్లతో బాగా కడగాలి. నోట్లో పడితే ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించాలి.

తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. ఓపీ టైమ్ అయిపోయిందనో, ఆదివారమనో ఆగకూడదు. నేరుగా క్యాజువాలిటీకే వెళ్లాలి. పెప్ మందులు అక్కడ 24 గంటలూ ఉండాలన్నది నిబంధన. అనంతపురంలో అయితే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి. అక్కడే ఏఆర్‌టీ కేంద్రం కూడా ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే నాకో టోల్ ఫ్రీ నంబర్ 1097కు కాల్ చేయొచ్చు. పేరు చెప్పాల్సిన అవసరం లేదు.

అక్కడ మొదట హెచ్‌ఐవీ టెస్ట్ చేస్తారు. ఇది ప్రమాదానికి ముందే వైరస్ ఉందేమో తెలుసుకోవడానికి. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, కిడ్నీ పనితీరు పరీక్షలు కూడా చేస్తారు. అయితే ఈ రిపోర్టులన్నీ వచ్చేదాకా మొదటి డోసు ఆపకూడదు. ముందు మందు, తర్వాత రిపోర్టు. లైంగిక దాడి కేసుల్లో గర్భం రాకుండా మాత్ర, సుఖవ్యాధుల మందులు కూడా ఇదే సమయంలో ఇవ్వాలి.

మందులు వాడేటప్పుడు కొందరికి వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. ఎక్కువమందికి కొన్ని రోజుల్లో తగ్గిపోతాయి. వాంతి వస్తోందని మందు మానేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ ట్రబుల్‌కు వాడే యాంటాసిడ్ మందులు డోలుటెగ్రావిర్‌ను శరీరం పీల్చుకోనివ్వవు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడే మహిళలు ఈ విషయం ముందే చెప్పాలి. టీబీ మందులు వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా, హెపటైటిస్ బి ఉన్నా డాక్టర్‌కు తెలియాలి. మందుల డోసు మారొచ్చు.

టెస్ట్ ఎప్పుడు చేయించుకోవాలి?

ప్రమాదం జరిగిన మర్నాడే టెస్ట్ చేయించుకుని, నెగెటివ్ రాగానే ఊపిరి పీల్చుకునేవాళ్లు ఎక్కువ. కానీ ఆ నెగెటివ్‌కు అర్థం వేరు. వైరస్ లోపలికి వెళ్లినా టెస్ట్‌లో కనపడటానికి కొంత కాలం పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటారు. వేలి మీద రక్తపు చుక్కతో చేసే ర్యాపిడ్ టెస్టులకు ఇది మూడు నెలల దాకా ఉండొచ్చు. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం టెస్టులు చాలావరకు ఆరు వారాల్లో పట్టేస్తాయి.

అందుకే పెప్ తీసుకున్నవాళ్లకు మొదటి రోజు, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు టెస్ట్ చేయాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ మధ్య కాలంలో కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఈ టెస్ట్ ఉచితం. టెస్టుకు ముందు, తర్వాత కౌన్సెలర్ మాట్లాడతారు. ఒక్క టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్టు తేల్చరు. వేర్వేరు కిట్లతో మూడుసార్లు పరీక్షించి నిర్ధారిస్తారు. ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క కాగితం చూసి కుంగిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఒకవేళ పాజిటివ్ అని తేలినా జీవితం ఆగిపోదు. 2017 నుంచి సీడీ4 కౌంట్‌తో సంబంధం లేకుండా, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇస్తోంది. రోజూ మందులు వాడి, రక్తంలో వైరస్ టెస్టుకు దొరకనంత తగ్గితే, లైంగిక సంబంధం ద్వారా అది భాగస్వామికి సోకదు. అలాగే గర్భిణికి టైమ్‌కి మందులు ఇస్తే బిడ్డకు సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఏ చికిత్సా లేకపోతే అది 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది?

2017లో పార్లమెంట్ హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ టెస్ట్ చేయకూడదు. ఫలితాన్ని ఊరంతా చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు నిరాకరించకూడదు.

ఇదే చట్టంలో చాలామందికి తెలియని సెక్షన్ 19 ఉంది. ఆస్పత్రులు, అలాగే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎక్కువగా ఉన్న పని ప్రదేశాలు తమ దగ్గర పనిచేసే వాళ్లందరికీ రక్షణ సామగ్రి ఇవ్వాలి, శిక్షణ ఇవ్వాలి, ప్రమాదం జరిగితే పెప్ ఇవ్వాలి. ఇక్కడ వాళ్లందరికీ అన్న మాట ముఖ్యం. డాక్టర్, నర్సు మాత్రమే కాదు. వార్డు ఊడ్చే ఆయా, చెత్త సంచులు మోసే కాంట్రాక్ట్ కార్మికుడు, ల్యాబ్ కుర్రాడు కూడా ఇందులోకి వస్తారు. సూదులు గుచ్చుకునే ప్రమాదం వీళ్లకూ ఉంది. కాంట్రాక్టర్‌కు చెబితే పని పోతుందేమోనని మౌనంగా ఉండిపోయేది కూడా వీళ్లే.

లైంగిక దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 397 చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ కాలేదనో, పోలీసులు రాలేదనో చికిత్స ఆపడానికి వీల్లేదు. బాధితురాలు స్టేషన్ల చుట్టూ తిరిగేసరికి ఒక రోజు పోతే, పెప్ గడువులో మూడో వంతు పోయినట్టే.

అసలు చిక్కు ఎక్కడ?

పెప్ విషయంలో మన విధానం ప్రధానంగా ఇద్దరిని దృష్టిలో పెట్టుకుంది. ఒకరు ఆస్పత్రి సిబ్బంది, మరొకరు లైంగిక దాడి బాధితులు. మరి మూడో మనిషి సంగతి? కండోమ్ చిరిగిన భార్యాభర్తలు, అందులో ఒకరికి హెచ్‌ఐవీ ఉంటే? వలస వెళ్లిన చోట తొందరపడి, మర్నాడు భయంతో వణికిపోతున్న పాతికేళ్ల కుర్రాడు? కస్టమర్ బలవంతం చేస్తే కండోమ్ లేకుండా ఒప్పుకోవాల్సి వచ్చిన మహిళా సెక్స్ వర్కర్? వైరస్‌కు ఈ తేడాలు తెలియవు. కానీ క్యాజువాలిటీలో కూర్చున్న మనిషి అడిగే మొదటి ప్రశ్న, ఎలా జరిగింది అన్నదే. ఆ ప్రశ్న అడిగే తీరులోనే సగం మంది వెనక్కి తిరిగిపోతారు.

ఇక దూరం. రాయదుర్గం నుంచి అనంతపురం వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. కళ్యాణదుర్గం దాటి లోపలి ఊర్ల నుంచి రావాలంటే రెండు బస్సులు మారాలి. ఒక రోజు కూలి పోతుంది. ఇంట్లో ఏం చెప్పి బయల్దేరాలి? శనివారం రాత్రి జరిగితే, ఆదివారం భయంతో గడిచి, సోమవారం ఊర్లో ఆర్‌ఎంపీని అడిగి, మంగళవారం పెద్దాస్పత్రికి చేరేసరికి గడువు దాదాపు అయిపోతుంది. ఇందులో ఎవరూ కావాలని ఆలస్యం చేయలేదు. అయినా టైమ్ దాటిపోతుంది.

ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర మరో ప్రమాదం కూడా ఉంది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవ్‌లో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. అర్హత లేని వైద్యుడు ఒకే సిరంజిని చాలామందికి వాడటమే కారణమని అధికారులు అనుమానించారు. చిన్న జ్వరానికి కూడా సూది వేయమని అడిగే అలవాటు మన పల్లెల్లోనూ ఉంది. సూది వేయించుకోక తప్పకపోతే, కళ్ల ముందే కొత్త ప్యాకెట్ చించాలని అడగడం ప్రతి ఒక్కరి హక్కు.

పరిష్కారం ఏంటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో పెప్‌పై కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దాస్పత్రికే పరిమితం చేయకుండా, జనం ఉన్న చోటికే పెప్ తీసుకెళ్లాలని, శిక్షణ ఇచ్చి ఫార్మసిస్టులు, ఆరోగ్య కార్యకర్తల ద్వారా కూడా అందించాలని సూచించింది. సరిగ్గా అనంతపురం లాంటి జిల్లాలకు కావాల్సింది ఇదే.

ప్రతి పీహెచ్‌సీలో 28 రోజుల మందులు పెట్టక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులకు సరిపడా మాత్రలు ఉంచినా చాలు. గడియారం అక్కడే ఆగుతుంది. మిగతా మందులు, టెస్టులు, కౌన్సెలింగ్ కోసం పెద్దాస్పత్రికి రావడానికి మనిషికి వ్యవధి దొరుకుతుంది. పాముకాటు మందు, కుక్కకాటు ఇంజెక్షన్ పీహెచ్‌సీలో ఉంచాలని అడుగుతున్నప్పుడు, ఇదీ అదే కోవలోది కదా. కుక్క కరిస్తే ఎందుకు కరిచిందని ఎవరూ నిలదీయరు. ఇక్కడా ఆ ఒక్క మర్యాద చూపిస్తే చాలు.

ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు, 108 సిబ్బందికి 72 గంటల సంగతి తెలిసి ఉండాలి. ఆర్టీసీ బస్టాండ్లలో, వలస కూలీలు ఎక్కే చోట్ల, లారీలు ఆగే హైవే దాబాల దగ్గర ఒక బోర్డు ఉన్నా ఎంతో మేలు. కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఏటా డిసెంబర్ 1న ర్యాలీ తీస్తాయి. ఆ ర్యాలీలో ఈసారి 72 గంటలు అన్న ప్లకార్డు కూడా ఉంటే బాగుంటుంది.

మందులు మన దగ్గరివే

పదే పదే రిస్క్ ఉండేవాళ్లకు పెప్ సరైన దారి కాదు. వాళ్లకు ముందే వాడే ప్రెప్ మాత్రలున్నాయి. ఇందులో కొత్తగా వచ్చిన సంచలనం లెనాకాపవిర్ ఇంజెక్షన్. ఆరు నెలలకోసారి తీసుకుంటే చాలు. 2024లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా దీనికి అనుమతి ఇచ్చింది. 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీల జనరిక్ ఇంజెక్షన్‌ను 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాల్లో ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించేలా అంతర్జాతీయ సంస్థలతో ఒప్పందాలు ప్రకటించారు.

ప్రపంచానికి హెచ్‌ఐవీ మందులు తయారు చేసి పంపుతున్న ఫ్యాక్టరీలు తెలుగు గడ్డ మీదా ఉన్నాయి. 2030 నాటికి ప్రజారోగ్య ముప్పుగా ఎయిడ్స్‌ను అంతం చేయాలన్నది మన దేశం ఒప్పుకున్న లక్ష్యం. ఆ లక్ష్యం నెరవేరాలంటే హైదరాబాద్‌లో తయారైన మాత్ర ఆఫ్రికాకు చేరినంత సులువుగా, రాయదుర్గం పక్క ఊర్లో ఆదివారం రాత్రి భయంతో కూర్చున్న మనిషికీ చేరాలి.

అంతవరకు అందరూ గుర్తుంచుకోవాల్సినవి మూడే. అనుమానం వస్తే ఆగొద్దు, 72 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. మొదలుపెట్టిన మందు 28 రోజులూ మానొద్దు. మూడు నెలలకు, ఆరు నెలలకు టెస్ట్ మర్చిపోవద్దు. సందేహం ఉంటే 1097. ఈ కథనం అవగాహన కోసమే, మందులు మాత్రం డాక్టర్ సలహాతోనే వాడాలి.